బొటనవేలి అలవాటు

అందరూ ఆయన్ని నిదానం అనే పిలుస్తారు. వెటకారానికి పెట్టిన పేరే, అయినా ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. ఆయన గేర్‌బాక్సులు బాగుచేసేది పందెం కార్లకు. తిన్నని రోడ్డు మీద రెండేసి కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చ లైటు పడగానే దూకి, మనం తుమ్మి ముక్కు తుడుచుకునేలోపు అవతలి గీత దాటేస్తాయి. అలాంటి కార్ల మధ్య బతికే మనిషి ఒక్క బోల్టు బిగించాలన్నా ముందు దాన్ని గుడ్డతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్ళీ తుడుస్తాడు. పక్కన నిలబడ్డవాళ్ళకు ఒళ్ళు మండిపోతుంది. "ఏం గురూ, దానికేమన్నా ఫొటో తీయించాలా?" అని ఎవరన్నా అంటే, తలెత్తకుండానే "నిదానం, నిదానం" అంటాడు. చివరికి ఆ మాటే ఆయనకు అతుక్కుపోయింది.

షెడ్డులో వెనక సగం ఆయనది. ముందు సగం ఆయన భార్యది. ఆవిడ కాలిపోయిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టి మళ్ళీ తిరిగేలా చేస్తుంది. మిక్సీలు, ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు, ఏవి తెచ్చినా కాదనదు. వైరుకు వైరు అతికాక, ఆ అతుకు మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క ఒకటి పెట్టడం ఆవిడ పద్ధతి. "చుక్క పడిందంటే పనైపోయినట్టు. లేకపోతే చేశానో లేదో నాకే గుర్తుండి చావదు" అంటుంది. విచిత్రం ఏమిటంటే, ఆవిడ గోళ్ళకు మాత్రం ఎవరూ ఎప్పుడూ రంగు చూడలేదు.

వాళ్ళకు పిల్లలు లేరు. ఆవిడ తమ్ముడే పిల్లాడు. తల్లి పోయిన దగ్గర్నుంచీ వాణ్ణి ఆవిడే పెంచింది. ముప్ఫై దాటాయి, గడ్డంలో తెల్ల వెంట్రుక కూడా కనిపిస్తోంది, అయినా వాడు ఇంట్లోనూ ట్రాకులోనూ చిన్నోడే. నిదానం బిగించిన కారును నడిపేది వాడే. అందుకే ఆయన ప్రతి బోల్టునూ అన్నిసార్లు తుడుస్తాడు. ఆ సంగతి నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు, భార్యకు తప్ప.

ట్రాకు గేటు దగ్గర కుర్చీ వేసుకుని టిక్కెట్లు చించే మనిషి కూడా ఒకప్పుడు నడిపినవాడే. ఇప్పుడు ఎడమ కాలు మోకాలి దాకానే ఉంది. నిదానం గేటు దాటినప్పుడల్లా ఆ మనిషి నవ్వుతూ ఒకే ప్రశ్న అడుగుతాడు: "ఏం అన్నా, మీ చిన్నోడు బావున్నాడా? రెండు కాళ్ళతోనే ఉన్నాడుగా?" సరదాకే అడుగుతాడు, పాపం. నిదానం కూడా నవ్వేవాడు. కానీ ఆ నవ్వు గేటు దాటి నాలుగడుగులు వేసేసరికి చచ్చిపోయేది.

ఆ మనిషి కాలు పోవడానికి కారణం ఏమిటో తెలియాలంటే ఈ కార్లలో ఉండే ఒక బ్రేకు సంగతి తెలియాలి. అది చక్రాలకు ఉండదు, గేర్‌బాక్సు లోపల ఉంటుంది. స్టీరింగు మీద ఒక బటన్. గీత దగ్గర బొటనవేలితో దాన్ని నొక్కి పట్టుకుంటే, గేర్‌బాక్సులో ఒక కాయిల్‌కు కరెంటు వెళ్ళి ఒక వాల్వును లాగుతుంది. దాంతో ముందుకు వెళ్ళే గేరూ, వెనక్కి వెళ్ళే గేరూ ఒకేసారి పట్టుకుంటాయి. చెరో వైపు లాగుతుంటే బండి ఎటు పోతుంది? ఇంజను గొంతు చించుకుని అరిచినా అంగుళం కదలదు. వేలు తీయగానే వెనక గేరు వదిలేస్తుంది, బండి దూకుతుంది. చూడ్డానికి చక్కని ఏర్పాటే. అయితే బండి పరిగెత్తుతుండగా ఆ బటన్ మళ్ళీ తగిలిందో, ఇక అంతే. వెనక చక్రాలు ఉన్నపళంగా బిగుసుకుపోతాయి, గేర్‌బాక్సు పగులుతుంది, ముక్కలు నడిపేవాడి కాళ్ళ మీదికే వస్తాయి. గేటు దగ్గరి మనిషికి జరిగింది అదే.

ఆ ఏడాది పందేలు మొదలైన కొత్తలో చిన్నోడి కారుకు జబ్బు చేసింది.

"బావా, వేలు తీసినా వెంటనే వదలట్లేదు. ఎవరో వెనకనించి చొక్కా పట్టుకున్నట్టుంది" అన్నాడు చిన్నోడు.

"ఎంతసేపు పట్టుకుంటోంది?"

"రెప్పపాటు. కానీ బావా, ఆ రెప్పపాటులోనే పక్కోడు వెళ్ళిపోతున్నాడు."

నిదానం ట్రాకులో పక్కన నిలబడి చూశాడు. నిజమే. పచ్చ లైటు పడింది, వాడి వేలు లేచింది, కారు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి కదిలింది. ఆ ఆలోచన ఆయనకు నచ్చలేదు. పట్టుకున్నది సరిగ్గా వదలకపోతే, ఎప్పుడు వదులుతుందో ఎవరికి తెలుసు? సగం వదిలి సగం పట్టుకుంటే?

మర్నాడే గేర్‌బాక్సు దించాడు. ఆయిల్ మార్చాడు. వాల్వు తీసి కడిగాడు. అది గాడిలో ఎక్కడైనా మొండికేస్తోందేమోనని వేలితో ముందుకూ వెనక్కూ జరిపి చూశాడు, వెన్నలా జారింది. స్ప్రింగు మెత్తబడిందేమోనని కొత్తది వేశాడు. తిరిగి బిగించాడు. ఏమీ మారలేదు. మళ్ళీ దించాడు. ఈసారి వెనక గేరును పట్టుకునే క్లచ్ ప్లేట్లు విప్పి బెంచీ మీద వరసగా పరిచాడు.

ప్లేట్ల మీద నీలం మచ్చలు. వేడికి ఇనుము అలా నీలంగా మారుతుంది, అందులో వింతేమీ లేదు. కానీ ఇవి మచ్చ మీద మచ్చ. పట్టి, వదలబోయి, మళ్ళీ పట్టినట్టు. ఆయన ఇన్నేళ్ళలో అలాంటి మచ్చలు చూసింది ఒకే ఒక్కసారి. ఆ గేర్‌బాక్సు తునకల్ని గోనెసంచిలో వేసి తెచ్చారు. అది గేటు దగ్గరి మనిషిది.

"గీత దగ్గర ఏం చేస్తున్నావురా నువ్వు?" అని అడిగాడు చిన్నోణ్ణి.

"ఏం చేస్తాను బావా? వేలు తీస్తున్నా. అంతే."

"ఇంకేం చెయ్యట్లేదుగా?"

"బావా, నువ్వు మరీ పోలీసులా అడగకు!" అని నవ్వేసి వెళ్ళిపోయాడు. వాడి ముఖం చూస్తే అబద్ధం చెబుతున్నట్టు లేదు. నిదానం మాత్రం ప్లేట్లను మళ్ళీ ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

ఆ సాయంత్రం ఇంటి బెల్లు మోగింది. ఒకసారి దీర్ఘంగా మోగి ఆగింది. ఆగీ ఆగకముందే చటుక్కున మళ్ళీ మోగింది.

"వస్తున్నా, వస్తున్నా! కొంప మునిగినట్టు ఏంట్రా ఈ తొందర?" అంటూ భార్య తలుపు తీసింది. చిన్నోడే. "ఈమధ్య వీడికి ఇదో రోగం. గడియ తీస్తూనే ఉంటానా, మళ్ళీ నొక్కుతాడు" అని మొగుడికి ఫిర్యాదు చేసింది. చిన్నోడు నేనెప్పుడు నొక్కానన్నాడు. అక్కాతమ్ముళ్ళు కాసేపు వాదులాడుకున్నారు. నిదానానికి ఎందుకో మనసులో ఏదో గుచ్చుకున్నట్టయింది. ఏమిటో తెలియలేదు. మంచినీళ్ళు తాగి ఊరుకున్నాడు.

చిక్కుముడికి కొస దొరికింది బ్యాటరీ దగ్గర. మామూలుగా బ్యాటరీ నీరసపడితే ఇలాంటి తిప్పలు వస్తాయి. ఇక్కడ అంతా తిరకాసు. బ్యాటరీ నిండుగా ఉన్నరోజే కారు మరీ ఆలస్యంగా వదులుతోంది. ఆయన కాయిల్‌ను బయటికి తీసి, బెంచీ మీద బ్యాటరీకి నేరుగా కలిపి చూశాడు. టక్కున పట్టింది, టక్కున వదిలింది. అదే కాయిల్‌ను కారు వైర్లకు కలిపితే పట్టడం బాగానే పట్టింది, వదలడానికి మాత్రం బద్ధకించింది. ఇన్నాళ్ళూ అమాయకమైన గేర్‌బాక్సును పట్టుకుని పీక్కుతిన్నానే అని తల కొట్టుకున్నాడు. జబ్బు వైరులో ఉంది.

కాయిల్ దగ్గర్నుంచి వైరును వేళ్ళతో తడుముకుంటూ స్టీరింగు కిందికి వచ్చాడు. అక్కడ నల్లటి టేపు. టేపు విప్పితే మిరియపు గింజ కన్నా కాస్త పెద్దదిగా, నడుముకు తెల్లటి పట్టీతో ఒక డయోడ్. దాని రెండు కాళ్ళనూ ఎవరో ఎంతో శ్రద్ధగా వైర్లకు అతికారు. ప్రతి అతుకు మీదా ఎర్రటి చుక్క ఉంది.

ఆయన వైర్లు కత్తిరించి దాన్ని బయటికి తీశాడు.

దాన్ని అరచేతిలో పెట్టుకుని షెడ్డు ముందు సగంలోకి వెళ్ళాడు. భార్య ఏదో ఫ్యాను మోటారు చుడుతోంది.

"ఇది నువ్వు పెట్టిందేనా?"

"ఆఁ, నేనే. బటన్లు మాటిమాటికీ కాలిపోతున్నాయని వాడే వచ్చి అడిగాడండీ. వేలు తీసినప్పుడల్లా కాయిల్లోంచి కరెంటు వెనక్కి తన్ని బటన్‌లో నిప్పురవ్వ లేస్తుంది కదా. డయోడ్ పెడితే ఆ కరెంటు అందులోనే తిరిగి తిరిగి చల్లారిపోతుంది. నేను అన్నిటికీ పెడుతూనే ఉంటాను." ఆవిడ తీగ చుట్టడం ఆపింది. "ఏమైందండీ?"

"అది తిరిగి తిరిగి చల్లారేదాకా కాయిల్ వాల్వును వదలదు."

ఆవిడకు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. చేతిలోని తీగ చుట్ట జారి కింద పడి దొర్లిపోయింది. ఇద్దరూ దాన్ని తీయలేదు.

"నా చేతుల్తో నేనే వాణ్ణి..."

"ఛ, ఏం మాటలవి? ఏమీ కాలేదుగా. దొరికింది, తీసేశాం, అయిపోయింది."

"బావకి చెప్పకక్కా, ఊరికే కంగారు పడతాడు అన్నాడండీ. వాడి మాట విని మీకు చెప్పకుండా నోరు మూసుకున్నాను చూడండి, నన్ను అనాలి" అని ఆవిడ కళ్ళు ఒత్తుకుంది.

నిదానం ఆమె భుజం తట్టి, ఈల వేసుకుంటూ వెనక్కి వెళ్ళాడు. ఇన్ని వారాల పీడ వదిలిందన్న సంతోషం మరి. కొత్త బటన్ వేశాడు, కొత్త ప్లేట్లు వేశాడు, బిగించాడు. చిన్నోణ్ణి పిలిచి విషయం చెప్పి, వాడు తల గోక్కుంటుంటే నవ్వాడు. కారు ఎత్తిపెట్టి ఆయనే నొక్కి చూశాడు. వేలు లేవగానే టక్కున వదిలింది. అంత చురుగ్గా అది ఎన్నడూ వదల్లేదు. బోల్టును అన్నిసార్లు తుడిచే మనిషి ఒక్క విషయం తుడవకుండా వదిలేశాడు. డయోడ్ వల్ల బ్రేకు ఆలస్యంగా వదులుతుంది, నిజమే. కానీ మచ్చ మీద మచ్చ డయోడ్ వల్ల పడదు. ఆ ప్లేట్లు మూల చెత్తబుట్టలో పడి ఉన్నాయి. ఆయన వాటివైపు తిరిగి చూడలేదు.

పందెం రోజు పొద్దున్నే ట్రాకుకు వెళ్ళారు. కారును వ్యాను వెనక కట్టుకుని చిన్నోడు నడుపుతున్నాడు. నిదానం ముందే దిగి గేటు దగ్గర నిలబడ్డాడు. చిన్నోడు హారన్ కొట్టాడు. గేటు మనిషి కర్ర ఊతంతో లేచి గేటు లాగుతున్నాడు. అది సగం తెరుచుకుంది కూడా. అంతలో హారన్ మళ్ళీ ఒకసారి చటుక్కున మోగింది.

"తీస్తూనే ఉన్నాగదయ్యా బాబూ! తెరుచుకుంటున్న గేటుకి కూడా ఇంకోసారి కొట్టాలా?" అని గేటు మనిషి అరిచి, నిదానం వైపు తిరిగి నవ్వాడు. "రెండు కాళ్ళతోనే ఉన్నాడుగా అన్నా?"

"ఉన్నాడు, ఉన్నాడు" అన్నాడు నిదానం. మొన్న గుచ్చుకున్నదే మళ్ళీ గుచ్చుకుంది. ఈసారి కాస్త లోతుగా దిగింది.

మధ్యాహ్నానికి చిన్నోడి వంతు వచ్చింది. ఎండకు రోడ్డు మీద గాలి వణుకుతోంది. కాలిన రబ్బరు వాసన గొంతులో పట్టుకుంది. పక్క వరసలోని కారు ఏదో మొరాయించడంతో కాస్త ఆగాల్సి వచ్చింది. చిన్నోడు హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని, కళ్ళు మూసుకుని లోపలే సాధన చేసుకుంటున్నాడు. నడిపేవాళ్ళందరూ చేసే పనే అది. నిదానం పక్కన నిలబడి ఊరికే చూస్తున్నాడు. వాడి బొటనవేలు బటన్ పక్కన ఉత్త స్టీరింగు మీద ఆనింది. గట్టిగా నొక్కింది. లేచింది. లేచీ లేవకముందే చటుక్కున మళ్ళీ నొక్కింది.

బెల్లు. హారన్. మచ్చ మీద మచ్చ.

బ్రేకు వదలనప్పుడల్లా వీడు మళ్ళీ నొక్కి విదిలిస్తున్నాడు. మొండి తలుపును రెండోసారి తన్నినట్టు. ఇన్నాళ్ళూ వాణ్ణి ఆ ఆలస్యమే బతికించింది. రెండోసారి వేలు పడేసరికి బ్రేకు ఇంకా పట్టుకునే ఉండేది కాబట్టి, ప్లేట్లు కాలడం తప్ప ఇంకేమీ కాలేదు. ఇప్పుడు డయోడ్ లేదు. ఇప్పుడు వేలు లేవగానే కారు దూకుతుంది. ఆ రెండో నొక్కు పడేసరికి కారు పరుగులో ఉంటుంది.

జబ్బు నయం చేసి, చావుకు దారి వేసింది తనే.

"ఒరేయ్, ఆపు! ఆపరా!" అని అరిచాడు. ఆయన గొంతు ఆయనకే వినపడలేదు. ఇంజన్లు లేచాయి. కిటికీకి వల, చెవులకు మూతలు, ఆపైన హెల్మెట్. కారు గీత వైపు పాకుతోంది. పరిగెత్తి తలుపు మీద కొట్టాడు, వాడు గమనించలేదు. గొంతు మీద చెయ్యి అడ్డంగా ఆడించి ఇంజను కట్టెయ్యమని సైగ చేశాడు, వాడి కళ్ళు లైట్ల మీదే ఉన్నాయి. పసుపు లైటు ఒకటి వెలిగింది. వాడి వేలు ఈసారి నిజంగానే బటన్ మీదికి వెళ్ళింది. బ్రేకు పట్టుకుంది, కారు ముక్కు వంచింది, ఇంజను గొంతు పెరుగుతోంది.

ఆ ట్రాకులో ఎవరూ ఎప్పుడూ చెయ్యని పని నిదానం చేశాడు. కారు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

జనం గోల ఆయనకు వినపడలేదు. ఎవరో అధికారి చేతులు ఊపుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు. నిదానం కదల్లేదు. ఇప్పుడు ఆయన ప్రాణం ఉన్నది ఆ బటన్ మీద. వాడు ఉలిక్కిపడి వేలు తీశాడంటే ఆయన కారు కిందే ఉంటాడు. తొందరపడకురా అని మనసులో బతిమాలుకున్నాడు. రెండు చేతులూ చాచి, అరచేతులు కిందికి ఆడించాడు. నిదానం. నిదానం.

హెల్మెట్ లోపల వాడి కళ్ళు ఆయన మీద పడ్డాయి. పెద్దవయ్యాయి. ఒక యుగం గడిచినట్టనిపించింది. ఇంజను గొంతు మెల్లగా దిగింది, దిగింది, గురక స్థాయికి వచ్చింది. వాడు ముందు కాలు తీశాడు. ఆ తర్వాత వేలు తీశాడు. కారు ఆయన వైపు మెత్తగా ఒక జానెడు దొర్లింది.

ఆ వెంటనే ఠపీమని కుదుపుతో ఆగింది. ముక్కు నేలకు వంగింది. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. ముందు బంపరు ఆయన మోకాళ్ళకు తగిలీ తగలకుండా నిలిచింది.

నిదానం చుట్టూ తిరిగి వెళ్ళి ఇంజను కట్టేశాడు. చిన్నోడు హెల్మెట్ పీకేసి మండిపడ్డాడు. "బావా! పిచ్చెక్కిందా నీకు? చచ్చేవాడివి తెలుసా? నన్ను హంతకుణ్ణి చేద్దామనా?"

"నువ్వేం చేశావురా ఇప్పుడు?"

"ఏం చేశాను? కాలు తీశాను, వేలు తీశాను!"

"తర్వాత?"

"తర్వాతేముంది..." అంటూ చిన్నోడు కిందికి చూసుకున్నాడు. వాడి బొటనవేలు బటన్ మీద ఉంది. గట్టిగా నొక్కి పట్టుకుని ఉంది. అదెప్పుడు వెళ్ళిందో వాడికే తెలియదు. వేలు తీద్దామని చూసి, తీయడానికి కూడా భయపడినట్టు అలాగే ఉండిపోయాడు.

"మొదట్లో కావాలనే నొక్కేవాణ్ణి బావా" అన్నాడు గొంతు తగ్గించి. "అలా నొక్కితేనే వదులుతోందనిపించేది. నీకు చెబితే సీట్లోంచి దింపేస్తావని చెప్పలేదు. తర్వాత మానేశాను. నిజంగా బావా, మానేశాననే అనుకున్నాను."

పందెం పోయింది. ఇద్దర్నీ తిట్టి బయటికి పంపారు. గేటు దగ్గర ఆ మనిషి ఈసారి ఏమీ అడగలేదు. వ్యాను దాటిపోయేదాకా చిన్నోడి చేతివైపే చూస్తూ నిలబడ్డాడు.

ఇంట్లో విషయం విన్నాక భార్య ముందు ఏడ్చింది, తర్వాత ఇద్దర్నీ కడిగేసింది. ఆ తర్వాత కూర్చుని, రెండోసారి నొక్కితే కరెంటు వెళ్ళకుండా చేసే చిన్న పెట్టె ఒకటి తయారుచేసి, ఎర్ర చుక్క పెట్టి మొగుడి చేతికిచ్చింది. ఆయన దాన్ని కారులో బిగించాడు. "వైరు తెగొచ్చు, పెట్టె చెడొచ్చు. వేలు మాత్రం వాడితోనే ఉంటుంది" అని కారు తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

వాడి వేలి సంగతి తేల్చింది అక్కే. "ఇకనించి బెల్లు రెండుసార్లు మోగితే తలుపు తియ్యను. వానొచ్చినా సరే" అంది.

మొదట్లో అది ఇంట్లో ఒక వేళాకోళం. బెల్లు మోగేది, వెంటనే మళ్ళీ మోగేది, బయట చిన్నోడు "అయ్యో!" అనేవాడు, లోపలా బయటా ముగ్గురి నవ్వూ కలిసి వినిపించేది. రాను రాను ఆ నవ్వు తగ్గింది. వాడు వద్దనుకున్నా వేలు నొక్కుతూనే ఉంది. ఒకరోజు వాడు తలుపు అవతల మెట్ల మీద కూర్చుని తనలో తాను గొణుక్కోవడం అక్క విని, కిటికీలోంచి కంచం అందించింది. తలుపు మాత్రం తియ్యలేదు. నిదానం కూడా తియ్యమనలేదు.

ఒక సాయంత్రం బెల్లు దీర్ఘంగా మోగి ఆగింది.

ఇద్దరూ ఉన్నచోటే బిగుసుకుపోయారు. ఆవిడ చేతిలో గరిట అలాగే ఉంది. రెండోది రాలేదు. ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. ఇంకా కాసేపు గడిచింది. రాలేదు. ఆవిడ పరుగులాంటి నడకతో వెళ్ళి గడియ తీసింది.

గుమ్మంలో చిన్నోడు నిలబడి ఉన్నాడు. నుదుటి నిండా చెమట. కుడి చేతి బొటనవేలిని ఎడమ పిడికిట్లో పట్టుకుని, పారిపోతుందేమో అన్నంత గట్టిగా బిగించి ఉన్నాడు. వేలి కొస తెల్లగా పాలిపోయింది.

"చూశావా అక్కా, ఒక్కసారే" అన్నాడు.

నిదానం ఆ పిడికిలినే చూస్తూ ఉండిపోయాడు. జేబులో ఉన్న తాళం మీదికి ఆయన చెయ్యి వెళ్ళింది, అక్కడే ఆగింది.

"లోపలికి రా, అన్నం తిను" అన్నాడు. "కారు మాత్రం ఇప్పుడే కాదురా."